గిట్టల పట్టీలో మా వరస

పికప్ డ్రైవరుని నేను అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ దేశం?" అని. రెండోది, "ఎప్పుడొచ్చారు?" అని.

"పొద్దున," అన్నాడాయన. "ముహర్రక్ బస్సులో."

తొంభైల మొదట్లో మాట. బహ్రెయిన్‌లో, తుబ్లీ అనే ఊళ్లో అల్యూమినియం కిటికీలూ తలుపులూ చేసే వర్క్‌షాపులో స్టోరు గుమాస్తాగా చేరి అప్పటికి నాలుగు రోజులైంది. ఆయన బాగా నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. ఉంగరాల జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆఫ్రికా మనిషి కాబట్టి మాలాగే వీసా మీద వచ్చుంటాడని అనుకున్నాను. మా క్యాంపులో ఉన్న ఇరవై మందీ అలాగే అనుకున్నారు. నిజానికి ఆయన పుట్టింది ఆ దేశంలోనే, పక్కనున్న ముహర్రక్‌లో. ఆయన తండ్రి పుట్టిందీ అక్కడే. ఆ వర్క్‌షాపులో రోజూ పనికొచ్చే స్థానికుడు ఆయనొక్కడే. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, నెలకోసారి వచ్చి టీ తాగి వెళ్లేవాడు.

ఆ తర్వాత నన్ను ఎవరికి పరిచయం చేసినా ఆ డ్రైవరు నా రెండు ప్రశ్నలూ చెప్పి, "ఈ మనిషి చాలా చదువుకున్నాడు" అని చేర్చేవాడు.

అందరూ ఆయన్ని హాజీ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయన నన్ను రఫీక్ అనేవాడు. ఆ మాటకి స్నేహితుడని అర్థం. అక్కడ పేరు తెలుసుకోవాల్సిన అవసరం లేని కూలివాళ్లందరినీ అలాగే పిలుస్తారు. మేం మాట్లాడుకున్నది సగం హిందీ, కొంత అరబ్బీ, మిగిలింది చేతులు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన పోయాడని మా క్యాంపు వంట అన్న ఈమధ్య ఫోన్ చేసి చెప్పాడు. అందుకే ఇది రాయడం. పొగడటానికి కాదు. పొగిడితే ఆయన ఊరుకునేవాడు కాదు.

బుదైయా వైపు విల్లాలకి కిటికీలు తీసుకెళ్లేటప్పుడు సామాన్ సరిచూడటానికి నేనూ పికప్ ఎక్కేవాణ్ణి. ఆయన ఇంటి సంగతులు ఆ దారిలోనే కొంచెం కొంచెంగా తెలిశాయి. ఆయన తాతని పదేళ్ల వయసులో ఆఫ్రికా తూర్పు తీరం నుంచి తెరచాప ఓడలో తెచ్చి అమ్మారు. ఏ ఊరో తాతకి గుర్తులేదు. ఒక నదీ, మామిడి చెట్లూ మాత్రం గుర్తున్నాయట. తాతని ముత్యాల పడవల్లో పెట్టారు. ముక్కుకి క్లిప్పు తగిలించుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగేవాడు. తండ్రి కూడా అదే పని చేశాడు. తెచ్చింది యజమానికి పోయేది. తర్వాత ఒకరోజు ఇంగ్లీషువాళ్ల ఆఫీసులో, ఇతను ఎవరి సొత్తూ కాదు అని తండ్రికి ఒక కాగితం రాసిచ్చారు. ఆ కాగితం ఇంట్లో దాచి, మర్నాడు తండ్రి మళ్లీ అదే పడవ ఎక్కాడు.

"ఎందుకు?" అన్నాను.

"ఇంకో పడవ తెలియదు కదా."

హాజీ కూడా చిన్నతనంలో చివరి ముత్యాల పడవల మీద తాళ్లు లాగాడు. ఆ పని పోయాక రేవులో బరువులు మోశాడు, తర్వాత లారీ నడిపాడు, ఇప్పుడు పికప్.

ఇవన్నీ విని నేను మనామాలో లైబ్రరీకి వెళ్లాను. ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో ముత్యాల గురించి నలభై పేజీలు, మునిగేవాళ్ల గురించి ఒక పేజీ, ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల గురించి ఒక వాక్యం ఉన్నాయి. ఆ వాక్యం కాగితం మీద రాసుకొచ్చి పికప్‌లో హాజీకి చదివి చెప్పాను.

"ఒకటేనా?" అన్నాడు.

"ఒకటే."

"పరవాలేదు. పొడుగ్గానే ఉంది."

ఇంకోసారి మా తాత సంగతి అడిగాడు. రంగూన్ వెళ్లాడని చెప్పాను, రేవులో బస్తాలు మోయడానికి.

"ఎవరు తీసుకెళ్లారు?"

"మేస్త్రీ."

"తిరిగొచ్చాడా?"

"యుద్ధం వచ్చినప్పుడు నడిచి వచ్చేశాడు."

"అదృష్టవంతుడు. మా తాతకి మధ్యలో నీళ్లున్నాయి." గేరు మార్చి మళ్లీ అడిగాడు. "నీ పాస్‌పోర్టు ఎక్కడుంది రఫీక్?"

"కఫీల్ బీరువాలో."

"మా నాన్న కాగితం పుచ్చుకుని బయటికొచ్చాడు. నువ్వు కాగితం ఇచ్చి లోపలికొచ్చావు. ఇద్దర్లోనూ చదువుకున్నది నువ్వే."

నవ్వాను. ఆ ఏడాది వేసవిలో మాత్రం ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు. కాకినాడ దగ్గర మా ఊళ్లో మా అక్క పోయింది. నన్ను పెంచింది ఆవిడే. కబురు నాకు అందేసరికి రెండు రోజులు, పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి మరో ఆరు రోజులు పట్టింది. ఇంక వెళ్లలేదు.

హాజీ ఓదార్చలేదు. వారం రోజులపాటు బుదైయా దారిలో రేడియో కట్టేసి బండి నడిపాడు. ఎనిమిదో రోజున అడిగాడు. "మీ అక్క నిన్ను కొట్టేదా?"

"కొట్టేది."

"మా అక్క ఇప్పటికీ కొడుతుంది."

అలా ఆయన అక్క సంగతి మొదటిసారి విన్నాను. ముహర్రక్‌లో ఆయన ఇంట్లోనే ఉండేది. డెబ్బై దాటాయి. చెవులు దాదాపు పోయాయి, గుండె కూడా బాగాలేదు. ఆ ఏడాది చలి మొదలయ్యాక, చలికాలం వెళ్లేదాకా ఉంటే గొప్ప అని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆవిడకి చెప్పకుండా దాచాలని ఇంట్లో అందరూ గుసగుసలాడుకున్నారు. చెవులు పోయిన మనిషి దగ్గర గుసగుసలేమిటని ఆవిడే తిట్టింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి ఒక్కటి అడిగింది. నాన్న పట్టీ మోత ఇంకోసారి వినాలి.

ఆ పట్టీ గురించి చెప్పాలి. దానికి వాళ్ల భాషలో పేరుంది. నేను గిట్టల పట్టీ అనే రాస్తాను. నడుముకి కట్టుకునే వెడల్పాటి గుడ్డ. దానికి వరసలు వరసలుగా మేక గిట్టలు కుట్టి ఉంటాయి, కొన్ని వందలు. గురువారం సాయంత్రాలు వాళ్లవాళ్లు ఒకచోట చేరి డప్పులు కొడుతూ, ఆరు తీగల వాయిద్యం ఒకటి వాయిస్తూ పాడతారు. పట్టీ కట్టుకున్న మనిషి నడుము ఊపితే గిట్టలు మోగుతాయి. పాటలో కొన్ని మాటలు ఆఫ్రికావి. వాటి అర్థం పాడేవాళ్లకే తెలియదు. పట్టీని తాత మొదలుపెట్టాడు, తండ్రి పూర్తిచేశాడు. తండ్రి పోయాక హాజీ కొన్నాళ్లు కట్టుకున్నాడు. తర్వాత పదిహేనేళ్లుగా పెట్టెలో పడుంది. తీసి చూస్తే గుడ్డ పురుగు తినేసింది, సగం గిట్టలు రాలిపోయాయి.

"ఎప్పుడు వినిపిస్తావు?" అని అక్క అడిగితే, హాజీ ముందువెనకలు చూసుకోకుండా, రంజాన్ ముందర వచ్చే ఆఖరి గురువారం అనేశాడు. రంజాన్‌లో డప్పు ముట్టుకోరు. ఆ తర్వాతికి ఆవిడ ఉంటుందో లేదో తెలియదు. చేతిలో అయిదు వారాలున్నాయి.

గుడ్డ కొత్తది వేయించాడు. పాత గిట్టలు వరస తప్పకుండా మళ్లీ కుట్టించాడు. ఇంకా ఎనభై కావాలి. కాలికి రెండు గిట్టల చొప్పున, అంటే పది మేకలు. బజారులో చూస్తే ఎక్కువగా పరదేశపు గొర్రెలు. గొర్రె గిట్ట మెత్తన, మోగదంటాడాయన. మా క్యాంపుకి మాత్రం ఒక పాకిస్తానీ కసాయి ప్రతి శుక్రవారం మేక కాళ్లు పక్కన పెట్టేవాడు. ఆ సంగతి హాజీకి వాసన ద్వారా ఎప్పుడో తెలుసు.

"కాళ్లు మీరు తినండి. గిట్టలు నాకివ్వండి," అన్నాడు.

నేను వెళ్లి వంట అన్నకి చెప్పాను. ఆయనది నిజామాబాద్ వైపు. పదేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు, అన్ని దేశాలనూ దుబాయే అనేవాడు. నాకంటే అయిదారేళ్లు పెద్ద. ఉల్లిపాయలు కోస్తూ విన్నాడు.

"గిట్టలా? ఏం జేస్కుంటడు తమ్మీ ముసలాయన? మందా?"

"నడుముకి కట్టుకుని ఆడతారట."

కత్తి ఆపేశాడు. "నడ్ముకా! ఆగు ఆగు. మా హైద్రాబాదుల సిద్దీలున్నరు తెల్సా? ఆళ్ల తాతలు గూడ ఆఫ్రికా నుంచే అచ్చిండ్రు. గిట్లనే ఉంటరు. నిజాం కాలంల గుర్రాల మీద కావలి ఉండేటోళ్లంట. పెండ్లిల మర్ఫా డప్పులు కొడ్తరు సూడు, సచ్చినోడు గూడ లేసి ఆడాలె. గీయన గూడ ఆళ్ల సుట్టమేనేమో. అడుగు."

అడిగాను. హాజీ స్టీరింగు మీద వేళ్లు కొడుతూ ఆలోచించాడు.

"అయ్యుండొచ్చు. ఓడ ఒకటే. మావాళ్లు ఇక్కడ దిగారు. వాళ్లు నిద్రపోయుంటారు, స్టాపు దాటిపోయింది."

వంట అన్నకి ఆ జవాబు ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి గిట్టల పని ఆయన సొంతం చేసుకున్నాడు. మూడు శుక్రవారాలు పోగుచేశాడు. నన్ను కూడా చూడనివ్వలేదు. నాలుగో శనివారం పొద్దున పెద్ద పాలపొడి డబ్బా చంకలో పెట్టుకుని వర్క్‌షాపుకొచ్చి, హాజీ ముందు మూత తీశాడు.

హాజీ ఒక గిట్ట తీసి వెలుగుకి పెట్టి చూశాడు. అంచులు నల్లగా మాడి ఉన్నాయి. మిగిలినంతా పసుపుపచ్చగా ఉంది.

"వీటిని వండారా?" అన్నాడు.

"లేదు హాజీ సాబ్! మంట మీద మంచిగ కాల్చి, కత్తి ఎనక తోటి కొట్టి తీసిన. పసుపు, ఉప్పు ఏసి రెండు సార్లు కడిగిన. మీ ఇంటికి పొయ్యేటియి గదా."

హాజీ గిట్టని బల్ల మీద వేసి కొట్టాడు. చప్పుడు రాలేదు. గిట్ట రెండు ముక్కలైంది.

అప్పుడు తెలిసింది మాకు. కాలితే గిట్ట పెళుసుబారుతుంది, మోత పోతుంది. వాళ్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి లాగి తీస్తారు. మేక కాళ్లు కాలుస్తారని ఆయనకి తట్టలేదు. కాల్చకుండా ఉంటారని మాకు తట్టలేదు. కాళ్ల పులుసు ఎలా చేయాలో చెప్పేటప్పుడు ముందు కాల్చమని ఎవరూ చెప్పరు, పొయ్యి వెలిగించమని చెప్పనట్టే. తప్పు నాదే. మధ్యలో మాట మోసింది నేను. పుస్తకంలో ఒకే వాక్యం ఉందని బాధపడినవాణ్ణి, ఆయన్ని ఒక్క ప్రశ్న ఎక్కువ అడగలేదు.

"తప్పయింది," అన్నాను.

హాజీ నవ్వలేదు. దానికే నాకు భయమేసింది. "పన్నెండు రోజులున్నాయి," అన్నాడంతే. డబ్బా మూతపెట్టి వెళ్లి బండిలో కూర్చున్నాడు.

వంట అన్న ఆ సాయంత్రమే కసాయి దగ్గరికి పోయాడు. ఆ పన్నెండు రోజుల్లో మా క్యాంపులో ఆరుసార్లు కాళ్ల పులుసు. వంట అన్న దాన్ని పాయ అంటాడు. మా గోదావరి వైపు వాళ్లు చింతపండు పడకపోతే అది పులుసే కాదంటారు. ఆ తగువు రెండోసారికే ఆగిపోయింది. నాలుగోసారి వడ్డించినప్పుడు మా వెల్డరు గిన్నెలోకి చూసి, "అన్నా, ఇంకో రెండు రోజులైతే నేనూ మే అంటాను" అన్నాడు.

"అను తమ్మీ," అన్నాడు వంట అన్న. "నీ గిట్టలు గూడ తీస్త."

ఈసారి హాజీ ఎదురుగా నిలబడి నానబెట్టించాడు. వర్క్‌షాపు పటకారుతో లాగాం. కిటికీ ఫ్రేములకి వాడే సన్నటి డ్రిల్ బిట్‌తో కన్నాలు పెట్టాం. ఓవర్‌టైం అడక్కుండా నలుగురు కూర్చున్నారు. మంగళవారం నాటికి అరవై నాలుగు తేలాయి. ఇంకా పదహారు తక్కువ. కసాయి దగ్గర మేకలు ఖలాస్.

హాజీ పాలపొడి డబ్బా మళ్లీ తెరిచాడు. పగలనివి ఏరి పదహారు పక్కన పెట్టాడు.

"వెనకాల కుడతాను. ఎడమవైపు, అట్టడుగున. చెవిటిది, ఏం వినిపిస్తుంది?"

గురువారం పొద్దుగుంకాక వంట అన్నా నేనూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ముహర్రక్ బస్సెక్కాం. పాత ఇళ్ల మధ్య ఒక పొడుగాటి గది. నేలమీద చాపలు, గోడవార డప్పులు, సాంబ్రాణి పొగ. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి ముప్పై మంది దాకా ఉన్నారు. హాజీ అక్క గోడకి ఆనించిన కర్ర కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి. చేతిలో కర్ర. చెప్పుల్లేని కాళ్లు, అదురు తెలిసేలా, నేలకి గట్టిగా ఆనించి ఉన్నాయి. నన్ను చూసి తమ్ముణ్ణి ఏదో అడిగింది. ఆయన హిందీలో చెప్పాడు.

"ఎప్పుడొచ్చావని అడుగుతోంది."

"సాయంత్రం," అన్నాను. "తుబ్లీ బస్సులో."

హాజీ అరిచి చెప్పాడు. ఆవిడ నా వైపు రెండు క్షణాలు చూసి, కర్రతో తన పక్కన చాప చూపించింది. కూర్చున్నాను.

డప్పులు మొదలయ్యాక హాజీ లేచి పట్టీ కట్టుకున్నాడు. అంత పెద్దాయన నడుము అలా కదులుతుందని పికప్‌లో చూసినవాళ్లెవరూ నమ్మరు. ఆ మోతకి పోలిక వెతికాను. ఎండిన చింతకాయల కొమ్మ ఊపినట్టు అని రాసి కొట్టేశాను. వందల మేక గిట్టలు ఒకదానికొకటి తగిలినట్టు ఉంది.

ఆవిడ కళ్లు మూసుకుంది. పాట సగంలో ఉండగా కర్ర పైకెత్తింది. డప్పులు ఆగాయి.

"వెనకాల ఎడమవైపు ఎవరు?" అంది. అంత అరబ్బీ నాకూ వచ్చు.

"ఎవరూ లేరు," అన్నాడు హాజీ.

"ఇటు రా. తిరుగు."

అరవై అయిదేళ్ల మనిషి అక్క ముందు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆవిడ అడుగు వరస మీద వేలు పోనిచ్చింది. ఒకచోట ఆగి, గిట్ట పట్టుకుని వంగి వాసన చూసింది.

"వీటిని వండిందెవరు?"

గదంతా నవ్వింది. హాజీ చెయ్యెత్తి వంట అన్నని చూపించాడు. వంట అన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది," అన్నాడు హాజీ.

"సరిపొయ్యింది అమ్మా," అన్నాడు వంట అన్న తెలుగులోనే.

హాజీ మాత్రం నవ్వడం లేదు. నాన్న పట్టీ పాడుచేసి అక్క చేతిలో పెట్టాననుకున్నాడు. రంజాన్ అవగానే అవి కోసేసి మంచివి కుడతానని ఆవిడ చెవి దగ్గర వంగి చెబుతున్నాడు. 

ఆవిడ వినిపించుకోలేదు, కర్రతో మళ్లీ వీపు తిప్పమంది. పట్టీ మీద వేలు పైకి జరుపుతూ మాట్లాడింది. హాజీ ఆ వీపు తిప్పిన భంగిమలోనే నాకు చెప్పుకొచ్చాడు, తనకి నచ్చని మాటలు కొన్ని వదిలేసే ఉంటాడు.

"ఇది తాత కుట్టిన వరస. ఇక్కడి మేకలవి కుడితే అప్పటి ముసలివాళ్లు వద్దన్నారు, మన మేకల మోత కాదని. ఇది నాన్నది. నాన్న కుట్టినప్పుడు తాత వారం రోజులు మాట్లాడలేదు. కొత్తవి ఇలాగే ఉంటాయి. చెమట పట్టాలి. ఉంచు."

తర్వాత ఒక మాట అంది. హాజీ దాన్ని హిందీలో చెప్పలేదు కానీ నాకు అర్థమైంది. "చెవిటిది, వినిపించదనుకున్నావా?" చేతికర్రతో తమ్ముడి నడుము మీద, ఎడమవైపు, ఒక్కటి వేసింది. మా పదహారు గిట్టలూ ఒక్కసారి మోగాయి.

"మళ్లీ మొదలుపెట్టు," అంది. "నాకింకా పూర్తికాలేదు."

హాజీ మొదటినుంచీ ఆడాడు. ఆవిడ ఈసారి కర్ర ఎత్తలేదు. కుర్చీ కింద ఆవిడ మడమలు నేలమీద డప్పుతో పాటే పడుతున్నాయి.

డాక్టరు మాట ఖాతరు చేయకుండా ఆవిడ రంజాన్ దాటింది, పండగా చేసింది. వేసవిలో పోయింది. కిందటేడు మా అక్క పోయిన నెలలోనే. ఈసారి నేను వెళ్లగలిగాను, ఒక్క బస్సు దూరం కదా. వంట అన్న కూడా వచ్చాడు. పరామర్శ మూడు రోజులూ వెళ్లి ఆ గదిలో చాప మీద కూర్చుని కాఫీ తాగి వచ్చాం. 

హాజీ పనిలోకొచ్చాక వారం రోజులపాటు బుదైయా దారిలో రేడియో పెట్టలేదు. నేను పెట్టమనలేదు. ఎనిమిదో రోజున, విల్లాల దగ్గర మలుపు తిరుగుతుంటే అడిగాను.

"మీ అక్క వేసిన ఆ దెబ్బ ఇంకా నొప్పిగా ఉందా?"

ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి నడుము తడుముకున్నాడు.

"ఎడమవైపు," అన్నాడు. ఆ చేత్తోనే రేడియో పెట్టాడు.